అమ్మ సమ్మె చేసిన చలికాలం

షామ్‌బర్గ్,
18 అక్టోబర్ 2009

చిట్టితల్లీ ఉజ్వలా,

బ్రిటన్ సమ్మెల మీద నువ్వు రాసి మెయిల్ చేసిన థీసిస్ చాప్టర్‌ని మీ నాన్న ప్రింట్ తీశారు. నలభై రెండు పేజీలు. ఆయన రెండు రోజుల్లో చదివేసి "చూశావా ఛాయా, నా కూతురు నా మాటే రాసింది" అంటూ ఇల్లంతా తిరిగారు. నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఇంగ్లీషు కష్టమై కాదు. మొదటి పేజీ దాటడానికే నాలుగు రోజులు పట్టింది.

ఆ పేజీలో నువ్వు అంకితం రాశావు. "1979 సమ్మెలకు బలైపోయిన మా చిన్నతాతయ్య పరంధామయ్యగారికి" అని.

ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ ఫోన్లో నువ్వు మధ్యలో ప్రశ్నలు వేస్తావు, నేను పొయ్యి మీద కూర మాడిపోతోందని చెప్పి తప్పించుకుంటాను. ఇన్నేళ్ళుగా అలాగే తప్పించుకుంటూ వచ్చాను. అందుకని కాగితం తీశాను. చిన్నప్పుడు నువ్వు ఏడుస్తున్నా వదలకుండా తెలుగు చదవడం నేర్పాను కదా, అది నాకిప్పుడు పనికొచ్చింది.

నీకు తెలిసిన కథ ఇదీ. చిన్నతాతయ్య లండన్‌లో రైల్వే టికెట్ క్లర్కు. భార్య పోయింది, పిల్లల్లేరు. అన్నగారి కొడుకని మీ నాన్నని పిలిపించుకుని, చదివించి, ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చేదాకా ఇంట్లో పెట్టుకున్నారు. ఆయనకి హెర్నియా ఆపరేషన్ చెయ్యాల్సిన వారంలో ఆస్పత్రి వర్కర్లు సమ్మె చేశారు. ఆపరేషన్ ఆగింది. ఆయన పోయారు. మీ నాన్న చెప్పగా ఈ కథ నువ్వు వందసార్లు విని ఉంటావు. మనింట్లో భోజనం చేసిన ప్రతివాళ్ళూ విన్నారు.

అందులో మీ నాన్న ఎప్పుడూ చెప్పని ముక్క ఒకటుంది. ఆ సమ్మె చేసినవాళ్ళలో నేనున్నాను.

అవునమ్మా. నేను "లండన్‌లో ఆస్పత్రిలో పనిచేశాను" అంటే నువ్వు నర్సుననో రిసెప్షన్‌లో కూర్చున్నాననో అనుకున్నావు. నేను దిద్దలేదు. నేను పనిచేసింది లాండ్రీలో. నేలమాళిగలో. ఆపరేషన్ థియేటర్ నుంచి, వార్డుల నుంచి సంచుల్లో వచ్చే దుప్పట్లు విప్పి, రంగు చూసి, వాసన చూసి, వేరు చెయ్యాలి. కొన్నిసార్లు లోపల సూదులుండేవి. ఒకసారి ఎవరిదో పళ్ళసెట్టు దొరికింది. ఉతికిన దుప్పట్లని గదంత పొడుగున్న ఇస్త్రీ రోలర్లలోకి ఇద్దరం చెరో కొస పట్టుకుని ఎక్కించేవాళ్ళం. నాకు ఎదురుకొస పట్టుకునేది వినిఫ్రెడ్ అని జమైకా ఆవిడ. ఆరేళ్ళు ఆవిడా నేనూ ఒకే దుప్పటికి అటూ ఇటూ నిలబడ్డాం. బయట మంచు కురుస్తుంటే మేం లోపల చెమటతో తడిసిపోయేవాళ్ళం.

నీ చాప్టర్‌లో ఒక వాక్యం ఉంది, దాని కింద గీత గీశాను. "కార్మికులు తమ ప్రభుత్వాన్ని తామే పాతిపెట్టారు" అన్నావు. చక్కగా రాశావు. చదివిన వాళ్ళకి గుర్తుండిపోతుంది. కానీ నా సంగతి కూడా విను. ఆ ప్రభుత్వం మాకు పరాయిది కాదు. కార్మికుల పార్టీది. వినిఫ్రెడ్, నేను, గేటు దగ్గర కాపలా తాత, అందరం ఓటేసి తెచ్చుకున్నది. ధరలు మండిపోతున్నాయి, కొన్నాళ్ళు ఓపిక పట్టండి, జీతాలు పెంచమని గట్టిగా అడగకండి అంది. పట్టాం. ఒక ఏడాది కాదు, మూడేళ్ళు. మధ్యలో దేశం బయటికెళ్ళి అప్పు తెచ్చుకుంది. అప్పిచ్చినవాళ్ళు ఖర్చు తగ్గించమన్నారు. మా ఆస్పత్రిలో రెండు వార్డులు మూసేశారు. నాలుగో ఏడాది కూడా, ఐదు శాతానికి మించి పెంచేది లేదన్నారు. కార్ల ఫ్యాక్టరీ వాళ్ళు సమ్మె చేసి పదిహేడు తెచ్చుకున్నారు. లారీల వాళ్ళు రోడ్లు ఆపి తెచ్చుకుంటున్నారు. ఇక మిగిలిందెవరు? రోగుల దుప్పట్లు ఉతికేవాళ్ళు, స్కూళ్ళలో వండేవాళ్ళు, శ్మశానాల్లో గోతులు తవ్వేవాళ్ళు. దేశాన్ని కాపాడే బాధ్యతంతా చివరికి మా నెత్తిన పడింది. మీ నాన్న ఆఫీసు నుంచి వచ్చి, "జీతాలు పెరిగితే ధరలు పెరుగుతాయి, ఇది లెక్క" అనేవారు. "నా జీతంతో మొదలుపెట్టారేం మీ లెక్క?" అని ఒకరోజు అడిగాను. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయారు.

జనవరి ఇరవై రెండు, సోమవారం, మేం పని ఆపి బయటికొచ్చాం. లాండ్రీలో మన దేశం ఆడవాళ్ళు, ఆఫ్రికా నుంచి వచ్చిన గుజరాతీలు చాలామంది. ఇంగ్లీషు చదవడం రాయడం వచ్చినదాన్ని నేనని, వాళ్ళంతా నన్ను సమ్మె కమిటీలో పెట్టారు. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. అంతకుముందు నలుగురిలో నోరెత్తి ఎరగను.

సమ్మె అంటే అందరం ఇంటికెళ్ళి పడుకోలేదు. రోజూ పొద్దున్నే పెద్దడాక్టరు లిస్టు పంపేవాడు. ప్రాణం మీదకొచ్చిన కేసుల పక్కన ఎర్ర టిక్కు ఉండేది. ఆ టిక్కున్న ప్రతి మనిషికీ థియేటర్ నడపడానికి మనుషుల్ని లోపలికి పంపేవాళ్ళం. లాండ్రీ నుంచి ఎవరు వెళ్ళాలో నేను చెప్పేదాన్ని. చాలాసార్లు నేనే వెళ్ళి దుప్పట్లు తీసి, మళ్ళీ గేటు దగ్గరికొచ్చి నిలబడేదాన్ని.

చిన్నమావగారి ఆపరేషన్ గురువారం. ఆయన పేరు పక్కన టిక్కు లేదు. డాక్టరు దృష్టిలో అది ఆగగలిగే కేసు. బుధవారం సాయంత్రం మీ నాన్న వంటింటి గుమ్మంలో నిలబడి అడిగారు.

"లిస్టు నీ చేతికే వస్తుందిగా. బాబాయి పేరు పక్కన ఒక గీత గియ్యి. ఎవరికి తెలుస్తుంది?"

"అది డాక్టరు గియ్యాలి. నేను గీస్తే, రేపు కమిటీలో ఇంకొకళ్ళు వాళ్ళ మేనమామకి గీస్తారు. అప్పుడు నిజంగా చావుబతుకుల్లో ఉన్నవాళ్ళు ఆగిపోతారు."

"నిన్ను ఈ దేశం తీసుకొచ్చిన మనిషి గురించి మాట్లాడుతున్నావు, తెలుసా?"

"తెలుసు. అయినా గియ్యను."

చిన్నమావగారు అప్పటికి మాతోనే ఉంటున్నారు, ముందుగదిలో ఆయనకి అంతా వినపడింది. "దాన్ని వదిలెయ్యరా కేశవా" అన్నారు. అంతకంటే ఆయన నన్ను ఒక్కమాట అనలేదు, ఆ రోజు గానీ తరవాత గానీ. మర్నాడు నేను కమిటీకి చెప్పాను, లిస్టులో మా ఇంటి మనిషి ఉన్నాడు, ఇక నేను లిస్టు ముట్టుకోకూడదు అని. నా చోట వేరేవాళ్ళని పెట్టారు. నేను గేటుకి వెళ్ళిపోయాను.

ఫిబ్రవరి పదకొండు, ఆదివారం. హెర్నియా బిగుసుకుపోయి అంబులెన్స్‌లో తీసుకెళ్ళారు. టేబుల్ మీదే పోయారు. ఆస్పత్రి వరండాలో, అందరి ముందూ, మీ నాన్న నాతో, "నీవాళ్ళు చంపారు" అన్నారు.

మే నెల ఎన్నికల్లో ప్రభుత్వం పోయింది, పై ఏడాది మేం అమెరికా వచ్చేశాం, ఆ తర్వాత నువ్వు పుట్టావు. ఆ మాట మళ్ళీ నా ముఖాన ఎప్పుడూ అనలేదాయన. బదులుగా వచ్చినవాళ్ళందరికీ కథ చెప్పారు. నేను వడ్డిస్తూ విన్నాను.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, ఇది నీ పుస్తకం అవుతుంది. అందులో నీ అమ్మ ఉంది, నీకు తెలియకుండా. నేను తప్పు చేశానా అని ముప్ఫై ఏళ్ళు నన్ను నేనే అడిగాను. ఆయన పోయినందుకు ఏడ్చాను, ఇప్పటికీ ఏడుస్తాను. కానీ ఆ గీత గియ్యనందుకు సిగ్గుపడలేదు. ఒక్కరోజు కూడా. ఈ మాట ఇంతకాలం పైకి అనే ధైర్యం రాలేదంతే.

నీ చాప్టర్ మార్చమని అడగను. నువ్వు చదువుకున్నదానివి.

మీ అమ్మ

*

క్యారీ,
1 నవంబర్ 2009

అమ్మా,

నా తెలుగులో తప్పులు ఉంటాయి, ఎర్ర పెన్ తీయకు.

నీ లెటర్ బస్‌లో చదివాను. దిగాల్సిన స్టాప్‌లో దిగలేదు. తర్వాత స్టాప్‌లో కూడా దిగలేదు.

ఆరు సంవత్సరాలు నేను ఈ సబ్జెక్ట్ చదువుతున్నాను. స్ట్రైక్‌లో ఉన్న ఒక్క మనిషితో అయినా మాట్లాడాలి అని నా ప్రొఫెసర్ ఎప్పటినుంచో అంటున్నారు. "దొరకడం కష్టం, ఇప్పుడు అందరూ పెద్దవాళ్ళు అయిపోయారు" అని నేను చెప్తూ వచ్చాను. ఆ మనిషి ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేసి "తిన్నావా" అని అడుగుతోంది.

నాకు కోపం కూడా వచ్చింది. నీ మీద, ఎందుకు చెప్పలేదు అని. నాన్న మీద ఎక్కువ. కానీ నేను హిస్టరీ స్టూడెంట్‌ని, కోపం సోర్స్ కాదు, కాగితాలు కావాలి. అంకితం తీసేశాను. ఇంకా ఏమీ రాయలేదు. జనవరిలో నాకు లండన్ ట్రిప్ గ్రాంట్ వచ్చింది. మీ హాస్పిటల్ యూనియన్ పేపర్లు ఒక ఆర్కైవ్‌లో ఉన్నాయి, క్యాటలాగ్‌లో చూశాను. ఆరు బాక్సులు. ఎవరూ తెరవలేదు అనుకుంటా. నేను తెరుస్తాను. అందులో నువ్వు చెప్పినట్టు ఉన్నా, వేరేగా ఉన్నా, నీకు చెప్తాను.

ఒకటి అడగాలి. ఆ గేటు దగ్గర ఎంతసేపు నిలబడేదానివి? చేతులకి గ్లవ్స్ ఉన్నాయా?

నీ ఉజ్వల

*

షామ్‌బర్గ్,
14 ఫిబ్రవరి 2010

చి. ఉజ్వలకి నాన్న ఆశీస్సులు.

నువ్వు లండన్ నుంచి వచ్చాక పంపిన కవరు అందింది. అందులో నీ ఉత్తరం లేదు, ఒక్క జిరాక్సు పేజీ మాత్రమే ఉంది. సమ్మె కమిటీ రోజువారీ పుస్తకంలోది. 1979 జనవరి 31, బుధవారం. అందులో నువ్వు పెన్సిల్‌తో గుర్తు పెట్టిన వాక్యం ఇదీ: "ఆగిన కేసుల్లో పాతవి తీసుకోవడానికి డాక్టరు, కమిటీ ఒప్పుకున్నారు. పరంధామయ్యకు శుక్రవారం మంచం ఇస్తామని ఫోన్ చేశాం. అన్న కొడుకు వద్దన్నాడు."

పేజీ నాకు పంపావు, మీ అమ్మకి పంపలేదు. నోరు విప్పే అవకాశం ముందు నాకే ఇచ్చావు. నేను నీకు అంత న్యాయంగా ఉండడం నేర్పలేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నావో నాకు తెలుసు.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఫోన్ వచ్చిన మాట నిజం. ఆ రోజు నాకు సెలవు. మీ అమ్మ గేటు దగ్గర ఉంది. నేను బాబాయితో చెప్పాను. ఆయన భయపడ్డారు. "ఆ గొడవలో కత్తి కింద పడుకోలేనురా, అంతా సద్దుమణిగాక చూద్దాం" అన్నారు. వెళ్ళమని నేను ఒక్కమాట గట్టిగా అంటే వెళ్ళేవారు. నా మాట ఏనాడూ కాదనలేదాయన. నేను అనలేదు. ఎందుకనలేదో చెప్పడానికే ఈ ఉత్తరం. ఆ మంచం ఇచ్చింది సమ్మె కమిటీ. అది తీసుకుంటే మీ అమ్మ చెప్పింది సరైనదని ఒప్పుకున్నట్టు. వారం రోజులుగా మాకు మాటల్లేవు. నేను ఓడిపోదలుచుకోలేదు. ఫోన్‌లో "వద్దు" అన్నాను. పెట్టేశాను. మీ అమ్మకి చెప్పలేదు. ఆయన మా ఇంట్లోనే ఉన్నారు కనక తనకి తెలిసే ఉంటుందని గేటు దగ్గరి వాళ్ళు అనుకుని ఉంటారు. బాబాయి కూడా ఇంట్లో మళ్ళీ రగడ ఎందుకని ఊరుకున్నారు.

పదకొండో తారీఖున ఆస్పత్రి వరండాలో నేనన్న మాట నీకు తెలిసింది. ఆ మాట అనకపోతే నేను ఆ వరండాలో నిలబడలేకపోయేవాణ్ణి. ఒకసారి అన్నాక రెండోసారి అనడం తేలిక. ముప్ఫై ఏళ్ళు చెప్పాక అదే నిజమని నాకే అనిపించింది. నీ పేజీ చూసేదాకా ఆ ఫోన్ మోగిన చప్పుడు కూడా మర్చిపోయానని చెబితే నువ్వు నమ్మవు. నమ్మొద్దు. మర్చిపోలేదు.

ఈ పొద్దున కాఫీ తాగాక పేజీ మీ అమ్మ చేతికిచ్చి, ఇప్పుడు నీకు రాసినదంతా చెప్పాను. ఏమందో తనే రాస్తుంది. నాకు రాసే అర్హత లేదు.

నీ చాప్టర్‌లో నా మాటలు వాడుకున్నావు. వాటిని కొట్టెయ్యి. చదివినప్పుడు నేను పొంగిపోయాను చూడు, అది నాకిప్పుడు అన్నిటికన్నా ఎక్కువ సిగ్గుగా ఉంది.

కేశవరావు

*

షామ్‌బర్గ్,
22 మార్చి 2010

నా తల్లీ,

నెల దాటినా నేను రాయలేదని కంగారు పడుతున్నావని తెలుసు. ఆ పేజీ చదివిన రోజు నేను ఏడవలేదు, అరవలేదు. కోటు వేసుకుని బయటికెళ్ళి మన వీధి చివరిదాకా, అక్కణ్ణుంచి పెద్దరోడ్డు దాకా మంచులో నడిచాను. చిన్నమావగారు నా సమ్మె వల్ల పోలేదు అన్న మాటని నాలోపల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు వేరే సామాను ఉన్న గది అది. తిరిగొచ్చేసరికి మీ నాన్న గుమ్మంలోనే నిలబడి ఉన్నారు, చెప్పులు కూడా లేకుండా.

"నన్ను క్షమిస్తావా ఛాయా?" అన్నారు.

"అది తర్వాత. ముందు మీరు ఆ కథ ఎంతమందికి చెప్పారో వాళ్ళందరికీ ఇది కూడా చెప్పండి."

"అందరికీనా?"

"దొరికినవాళ్ళందరికీ."

మొన్న శనివారం ఉగాది భోజనాలకి మనింటికి ఇరవై మంది వచ్చారు. వసంతలక్ష్మిగారి కుటుంబం ఇరవై ఏళ్ళుగా ఆ కథ వింటున్నారు. హెచ్‌-1 వీసా మీద కొత్తగా వచ్చిన పిల్లలు కూడా ఉన్నారు. పచ్చడి పంచడం అయ్యాక మీ నాన్న లేచి నిలబడ్డారు. నేను వడ్డించడం ఆపి కుర్చీలో కూర్చున్నాను. ఆయన మొదటినుంచీ చెప్పారు. గీత గియ్యమని నన్ను అడిగింది, నేను గియ్యనన్నది, ఫోన్ వచ్చింది, వద్దన్నది. తారీఖులు రెండుసార్లు తప్పు చెప్పి దిద్దుకున్నారు. రెండుసార్లూ ఎవరూ సాయం చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. చివర "ఆ ఇంట్లో ఆ చలికాలం నిటారుగా నిలబడ్డది మా ఆవిడ ఒక్కతే" అని కూర్చున్నారు. ఉజ్వలా, ఆయన మీద నా కోపం పోలేదు. కానీ ఇరవై మంది ముందు అలా చెప్పగలిగిన మనిషితో ఇంకా కాపురం చెయ్యొచ్చనిపించింది.

వసంతలక్ష్మిగారు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. శశికాంత్ అని, ప్రాజెక్ట్ పోయి నెలన్నరగా పనిలేక బెంచ్ మీద ఉన్న కుర్రాడు, నా పక్కకొచ్చి కూర్చున్నాడు. "ఆంటీ, మా మేనేజర్‌తో ఒక్కమాట అనాలంటే నాకు వీసా గుర్తొచ్చి నోరు పడిపోతుంది. కొత్త దేశంలో గేటు దగ్గర అట్లా నిలబడితే మీకు భయం వెయ్యలేదా?"

"వేసింది నాయనా. చలి అంతకన్నా ఎక్కువ వేసింది" అన్నాను. అందరూ నవ్వారు. మీ నాన్న నవ్వలేదు.

ఇప్పుడు నీ పని గురించి. కొత్త చాప్టర్ పంపావు, చదివాను. ఈసారి మూడు రోజులే. మమ్మల్ని మరీ దేవతల్ని చేశావు, అది తగ్గించు. ఆ రోజుల్లో ఆపరేషన్ ఆగి నిజంగానే బాధపడ్డవాళ్ళున్నారు. గేటు దగ్గర ఒక ముసలాయన నా ముఖం మీద ఉమ్మి, "నా భార్య లోపల ఉంది" అన్నాడు. అదీ రాయి. మాకు తొమ్మిది శాతం, పైన వారానికి ఒక పౌను దక్కాయి, అడిగిందాంట్లో సగం కూడా కాదు. అదీ రాయి. వసంతకాలంలో, ఎన్నికలకి ముందు, పార్లమెంటులో మా ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయిన రోజున వినిఫ్రెడ్, నేనూ దుప్పటి రోలర్‌లోకి ఎక్కించడం మానేసి, చెరో కొస పట్టుకుని ఊరికే నిలబడ్డాం. ఆ ప్రభుత్వం మీద కోపం ఉన్నది మాకే, అది పోయిందని దుఃఖపడిందీ మేమే. ఈ రెండూ ఒకే మనిషిలో పడతాయని నీ ప్రొఫెసర్లకి అర్థమయ్యేలా రాయి. అది నీకే చేతనవుతుంది.

ఫోన్‌లో అడిగావు, పేరు మార్చి "ఒక లాండ్రీ కార్మికురాలు" అని పెట్టనా, కుటుంబం సంగతి కదా అని. ఆలోచించాను. మీ నాన్ననీ అడిగాను. "నా పేరు కూడా ఉండనీ" అన్నారాయన.

మార్చొద్దు. కింద సంతకం చేస్తున్నాను, అక్షరాలు సరిగ్గా చూసుకుని ఇలాగే వెయ్యి.

చల్లా ఛాయాదేవి,
ఆస్పత్రి లాండ్రీ విభాగం,
సమ్మె కమిటీ సభ్యురాలు